వీఎం లైవ్ మైగ్రేషన్‌లో డివైస్ రాసే మెమరీని ఎవరు గమనిస్తారు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బెంగళూరులో, వైట్‌ఫీల్డ్ ఆఫీసులో, మీ టీమ్ కేవీఎం (లినక్స్ కెర్నెల్‌లోని వర్చువలైజేషన్ భాగం) మీద సొంత వీఎంఎం (వర్చువల్ మెషీన్లను, అంటే వీఎంలను నడిపే ప్రోగ్రామ్) రాసుకుంది. వర్ట్‌ఐఓ (సాఫ్ట్‌వేర్‌తో నడిచే) నెట్‌వర్క్ కార్డుతో లైవ్ మైగ్రేషన్, అంటే నడుస్తున్న వీఎంను ఇంకో హోస్ట్‌కి తరలించడం, ఇన్నాళ్లూ సాఫీగా నడిచింది. ఈమధ్య ఎస్ఆర్-ఐఓవీ వీఎఫ్‌ను (అసలు కార్డును ముక్కలుగా పంచే పద్ధతిలో ఒక ముక్కను) నేరుగా గెస్ట్‌కి (వీఎం లోపలి ఓఎస్‌కి) ఇచ్చారు. అప్పట్నుంచి మైగ్రేషన్ అయిన వెంటనే కొన్ని టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్టెడ్) కనెక్షన్లు తెగిపోతున్నాయి, అప్పుడప్పుడు అప్లికేషన్ చెత్త డేటా చదువుతోంది. ఎవరో "మెమరీ మొత్తం డర్టీ (కాపీ చేశాక మారింది) అని చెప్పేద్దాం" అన్నారు. అలా చేస్తే కరప్షన్ పోయింది గానీ 64 జీబీ వీఎం 25 జీబీపీఎస్ లింకు మీద ఇరవై సెకన్లకు పైగా ఆగిపోతోంది. మధ్యే మార్గం ఏదైనా ఉందా అని మీ ప్రశ్న, ఏ పేజీలు మారాయో చెప్పే బిట్‌మ్యాప్‌లను కలిపే కోడ్ ముక్కను కూడా పోస్ట్ చేశారు.

ఉంది. కాకపోతే ముందు వర్ట్‌ఐఓతో ఎందుకు పని చేసిందో చూడాలి. అక్కడ మీకు తెలియకుండానే ఇంకొకరు మీ పని చేసిపెట్టారు.

ప్రీ-కాపీ మైగ్రేషన్ సంగతి మీకు తెలిసిందే. మొదటి రౌండులో ర్యామ్ అంతా పంపుతాం, ఆ లోపు మారిన పేజీలను రెండో రౌండులో, అది జరిగేలోపు మళ్లీ మారినవి మూడో రౌండులో. మిగిలింది డౌన్‌టైమ్ పరిమితిలోపు పంపేంత చిన్నదైనప్పుడు వీఎంను ఆపి చివరి విడత పంపేస్తాం. ఇదంతా నిలబడేది ఒక్క జవాబు మీద: "నేను కాపీ చేశాక ఈ పేజీని ఎవరైనా ముట్టుకున్నారా?" వీసీపీయూ (వీఎంకు ఇచ్చిన వర్చువల్ సీపీయూ) ముట్టుకుంటే కేవీఎం చెబుతుంది. ఈపీటీలో (గెస్ట్ అడ్రస్‌లను అసలు మెమరీ అడ్రస్‌లుగా మార్చే పట్టికలో) పేజీని రైట్-ప్రొటెక్ట్ చేస్తే మొదటి రాతకి ఫాల్ట్ వస్తుంది, కేవీఎం ఆ పేజీకి డర్టీ బిట్ పెట్టి రాయనిస్తుంది. ఇంటెల్ పీఎంఎల్ ఉంటే ఫాల్ట్ కూడా అక్కర్లేదు, ప్రాసెసరే రాసిన అడ్రస్‌ను 512 ఎంట్రీల లాగ్ పేజీలో వేసుకుంటూ పోయి, నిండాక ఒక్కసారి బయటికి వస్తుంది. ఇక వర్ట్‌ఐఓలో "డివైస్" అంటే సాఫ్ట్‌వేరే. మీ ప్రాసెస్‌లో బ్యాకెండ్ ఉంటే గెస్ట్ మెమరీలో రాసే ఫంక్షనే బిట్ పెడుతుంది. వీహోస్ట్ వాడితే, లాగింగ్ ఫీచర్ ఆన్ చేసినప్పుడు కెర్నెల్‌లోని వీహోస్ట్ తాను రాసిన ప్రతి పేజీనీ మీరిచ్చిన లాగ్‌లో గుర్తు పెడుతుంది. ఎవరు రాసినా ఎక్కడో ఒకచోట పద్దు పడుతోందన్నమాట.

వీఎఫ్‌ను నేరుగా ఇచ్చాక ఆ పద్దు పోయింది. మన బెంగళూరు అపార్ట్‌మెంట్లలో మెయిన్ గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుంటాడు, వెనక బేస్‌మెంట్ ర్యాంప్ మీదుగా వచ్చినవాళ్ల పేరు మాత్రం ఆ పుస్తకంలో ఉండదు. డీఎంఏ (సీపీయూ ప్రమేయం లేకుండా డివైస్ నేరుగా మెమరీలో రాయడం) ఆ ర్యాంప్ దారి. అది ఈపీటీ గుండా రాదు, ఐఓఎంఎంయూ (డివైస్ వాడే అడ్రస్‌లను మార్చి ఇచ్చే హార్డ్‌వేర్) పేజీ టేబుల్ గుండా వస్తుంది. కేవీఎం డర్టీ లాగ్‌కి దాని ఊసే తెలియదు.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న: అయితే ఐఓఎంఎంయూలో కూడా రైట్-ప్రొటెక్ట్ చేసి ఫాల్ట్ తీసుకోవచ్చు కదా? కుదరదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో మెమరీ రైట్ అనేది పోస్టెడ్ లావాదేవీ. డివైస్ పంపేసి చేతులు దులుపుకుంటుంది, దానికి జవాబు రాదు. ఐఓఎంఎంయూ "నో" అంటే ఆ డేటా అక్కడే పోతుంది, మళ్లీ పంపమని అడిగే దారి లేదు. వీసీపీయూ అయితే ఫాల్ట్ దగ్గర ఆగి, అదే ఇన్‌స్ట్రక్షన్‌ను మళ్లీ నడుపుతుంది. డివైస్‌కి ఆ వెసులుబాటు లేదు. పేజీ రిక్వెస్ట్ ఇంటర్‌ఫేస్ (డివైస్ తనకు కావలసిన పేజీని ముందుగా అడిగే పద్ధతి) అని ఒకటుంది గానీ అది డివైస్ ముందే సహకరిస్తేనే, మామూలు నెట్‌వర్క్ కార్డుల్లో దాన్ని నమ్ముకోలేం. వీఎఫ్ ఉన్న వీఎంకు పోస్ట్-కాపీ (ముందు వీఎంను అవతల నడిపి, పేజీలను తర్వాత తెప్పించే పద్ధతి) వాడలేకపోవడానికీ మూలం ఇదే. కాబట్టి జరిగిన రాతను చెప్పగలిగినవాళ్లు ఇద్దరే: రాసిన డివైస్, లేదా ఆ అడ్రస్‌ను మార్చి ఇచ్చిన ఐఓఎంఎంయూ. ఇద్దరూ చెప్పకపోతే అంతా డర్టీ అనుకోవాల్సిందే.

మీకు వచ్చిన కరప్షన్‌ను కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే అది "అప్పుడప్పుడు" రావడమే మీ టీమ్‌ను తప్పుదారి పట్టించింది. వీఎఫ్ ఒక ప్యాకెట్‌ను గెస్ట్ బఫర్‌లోకి డీఎంఏ చేసింది. చాలా డ్రైవర్లు హెడర్ భాగాన్ని సీపీయూతో వేరే చోటికి కాపీ చేసుకుని, పేలోడ్‌ను మాత్రం డివైస్ రాసిన పేజీలోనే ఉంచుతాయి. హెడర్ ఉన్న పేజీ సీపీయూ రాసింది గనుక కేవీఎం లాగ్‌లో పడింది, అవతలికి సరిగ్గా వెళ్లింది. పేలోడ్ పేజీ ఎవరి లాగ్‌లోనూ లేదు. అవతలి హోస్ట్‌లో ఆ పేజీలో ఎప్పటిదో పాత ప్యాకెట్ ఉంది. సీక్వెన్స్ నంబర్ కరెక్ట్, పొడవు కరెక్ట్, లోపల సరుకు పాతది. మరి టీసీపీ చెక్‌సమ్ పట్టుకోదా అంటే, పట్టుకోదు. చెక్‌సమ్ సరిగ్గా ఉందని కార్డే ముందుగా చెప్పేసింది కాబట్టి కెర్నెల్ మళ్లీ లెక్కపెట్టదు. టీఎల్ఎస్ ఉంటే దాని సొంత పరీక్షలో రికార్డు చెల్లదని తేలి కనెక్షన్ తెగుతుంది. టీఎల్ఎస్ లేని అంతర్గత సర్వీసులకు పాత డేటా నేరుగా అప్లికేషన్ చేతికి వెళ్తుంది. మీకు తెగిన కనెక్షన్ల మీద టెన్షన్ ఉంది, నాకైతే తెగని వాటి మీదే భయం.

నెట్‌వర్క్‌లో ఈ దెబ్బ తగిలేది స్విచ్ అయ్యే క్షణానికి సాకెట్ క్యూలో చదవకుండా మిగిలిన డేటాకే. అప్లికేషన్ చదివేసుకుంటే కెర్నెల్ దాన్ని యూజర్ మెమరీలోకి సీపీయూతోనే కాపీ చేస్తుంది, అది లాగ్‌లో పడుతుంది. అందుకే అరుదుగా కనిపించింది. రేపు ఎన్‌వీఎంఈ డిస్కును కూడా ఇలాగే నేరుగా ఇస్తే కథ వేరు. డిస్క్ నుంచి చదివిన బ్లాకు పేజ్ క్యాష్‌లోకి (డిస్క్ డేటాను కెర్నెల్ మెమరీలో దాచుకునే చోటుకి) డీఎంఏ అవుతుంది, గెస్ట్ కెర్నెల్ "ఈ పేజీ తాజాది" అని గుర్తు పెట్టుకుంటుంది, అవతల ఆ పేజీలో చెత్త ఉంటుంది. క్యాష్ ఖాళీ అయ్యేదాకా గంటల తరబడి అదే చెత్త చదువుతారు, డిస్క్ మీద మాత్రం ఫైలు శుభ్రంగా ఉంటుంది. దాన్ని వెతకడం నరకం.

ఇక ఎవరిని అడగాలి అన్నది. లినక్స్‌లో వీఎఫ్ఐఓ (డివైస్‌లను నేరుగా గెస్ట్‌కి అప్పగించే కెర్నెల్ వ్యవస్థ) మైగ్రేషన్ ప్రోటోకాల్ ఇప్పటి రూపంలో 2022లో, కెర్నెల్ 5.18లో వచ్చింది. డివైస్ తన రాతలను తానే నమోదు చేసే డీఎంఏ లాగింగ్ 6.1లో చేరింది, ఎన్‌విడియా మెలనాక్స్ ఎంఎల్ఎక్స్5 డ్రైవర్‌తో పాటు. లాగింగ్ మొదలుపెట్టేటప్పుడు ఏ అడ్రస్ శ్రేణులను గమనించాలో ఇస్తారు, తర్వాత అడిగినప్పుడల్లా బిట్‌మ్యాప్ తీసుకుంటారు. చిక్కు ఏమిటంటే డివైస్ గమనించగల శ్రేణుల సంఖ్యకు హద్దు ఉంటుంది, కాబట్టి మీ దగ్గరున్న ప్రతి చిన్న మెమరీ ముక్కనీ విడిగా ఇవ్వకండి. క్యూఎము (బాగా వాడుకలో ఉన్న వీఎంఎం) చేసేది కూడా 4 జీబీకి కింద ఒకటి, పైన ఒకటి అన్నట్టు పెద్ద శ్రేణులుగా కలిపి ఇవ్వడమే. పేజీ సైజు మీరిచ్చేది సూచన మాత్రమే, డ్రైవర్ తనకు వీలైనది ఎంచుకుంటుంది. ఇంకొకటి, ఒకే వీఎంలో ఇలా లాగ్ చేయగల కార్డు ఒకటి, చేయలేనిది ఇంకొకటి ఉంటే మొదటిదాని సాయం వృథా. రెండోది ఎక్కడ రాసిందో తెలియనప్పుడు మళ్లీ అంతా డర్టీయే.

రెండో దారి ఐఓఎంఎంయూ. దాని పేజీ టేబుల్ ఆకు ఎంట్రీలో (అసలు పేజీని చూపే చివరి మెట్టు ఎంట్రీలో) డర్టీ బిట్ ఉంటుంది, డివైస్ రాసినప్పుడు హార్డ్‌వేరే దాన్ని పెడుతుంది. ఇంటెల్ వీటీ-డీ స్కేలబుల్ మోడ్‌లోనూ, ఏఎండీ ఐఓఎంఎంయూలోనూ, ఆర్మ్ ఎస్ఎంఎంయూ వీ3లోనూ ఈ సదుపాయానికి స్పెసిఫికేషన్‌లో చోటుంది, కానీ మీ చిప్‌లో ఉందో లేదో కేపబిలిటీ రిజిస్టర్ చూసి తేల్చుకోవాలి. కెర్నెల్ 6.7 నుంచి ఐఓఎంఎంయూఎఫ్‌డీ (ఐఓఎంఎంయూను వాడుకునే కొత్త కెర్నెల్ ఇంటర్‌ఫేస్) ద్వారా ఇంటెల్, ఏఎండీలకు ఈ బిట్లు చదవచ్చు. వీఎఫ్ఐఓ పాత ఇంటర్‌ఫేస్ అయిన టైప్1 కంటైనర్‌లోనూ డర్టీ పేజీల ఇంటర్‌ఫేస్ ఉంది, కెర్నెల్ 5.8 నుంచి. దాన్ని చూసి మోసపోవద్దు. అది హార్డ్‌వేర్ బిట్లు చదవదు, మ్యాప్ అయి పిన్ అయిన (మెమరీలో కదలకుండా బిగించిన) పేజీలన్నీ డర్టీ అంటుంది. మీ సహోద్యోగి చేతితో చేసిన పనినే అది కెర్నెల్‌లో చేస్తుంది. మీడియేటెడ్ డివైస్‌లలో (డ్రైవర్ మధ్యవర్తిగా ఉండేవాటిలో) డ్రైవర్ తాను వాడే పేజీలను మాత్రమే పిన్ చేస్తుంది కాబట్టి అక్కడ అది పనికొచ్చింది, మీకు మాత్రం కాదు.

ఐఓఎంఎంయూ దారిలో అందరూ బోల్తా పడేది హ్యూజ్ పేజీల (మామూలు 4 కేబీ కంటే పెద్ద పేజీల) దగ్గర. లెక్క వేసి చూడండి. 8 క్యూలు, క్యూకి 1024 డిస్క్రిప్టర్లు, బఫర్ 2 కేబీ. మొత్తం 16 ఎంబీ, అంటే 4 కేబీ పేజీలు 4096. కార్డు ఈ బఫర్లనే తిప్పి తిప్పి వాడుతుంది కాబట్టి ప్రతి రౌండులో డివైస్ వల్ల డర్టీ అయ్యేది అంతే. 25 జీబీపీఎస్ లింకు మీద 16 ఎంబీ ఒక లెక్కా? కానీ పనితీరు కోసం మీరు గెస్ట్ మెమరీని 2 ఎంబీ పేజీలతో పెట్టి ఉంటారు, ఐఓఎంఎంయూ కూడా 2 ఎంబీ ఎంట్రీలతోనే మ్యాప్ చేసి ఉంటుంది. డర్టీ బిట్ ఆకు ఎంట్రీకి ఒక్కటే. 64 బైట్లు రాసినా 2 ఎంబీ అంతా డర్టీ. గెస్ట్‌లో ఆ 4096 పేజీలు తలోచోట చెల్లాచెదురుగా ఉంటే ప్రతి రౌండుకీ 8 జీబీ. లింకు సెకనుకు 3.1 జీబీ మోస్తుంది కాబట్టి దానికే రెండు ముప్పావు సెకన్లు పడుతుంది, ఆ లోపు కార్డు మళ్లీ అన్నిటినీ ముట్టుకుంటుంది. 300 మిల్లీసెకన్ల డౌన్‌టైమ్ (క్యూఎములో డిఫాల్ట్ ఇదే) ఎన్నటికీ రాదు. 1 జీబీ ఎంట్రీలైతే చెప్పనే అక్కర్లేదు, 64 జీబీ వీఎంలో 64 బిట్లే ఉంటాయి.

కాబట్టి ఐఓఎంఎంయూ ట్రాకింగ్ ఎంచుకుంటే మ్యాపింగ్ 4 కేబీతో ఉండేలా చూసుకోవాలి. ఐఓఎంఎంయూఎఫ్‌డీలో హ్యూజ్ పేజీల ఆప్షన్ ఆపేస్తే అది పేజీ పేజీగా మ్యాప్ చేస్తుంది. దాని ఖరీదు రోజువారీ పనితీరులో పడుతుంది, ఐఓటీఎల్‌బీ (ఐఓఎంఎంయూ తన అనువాదాలను దాచుకునే క్యాష్) మిస్సులు పెరుగుతాయి. మైగ్రేషన్ మొదలైనప్పుడు మాత్రమే పెద్ద ఎంట్రీలను చిన్నవిగా విడగొట్టగలిగితే బాగుంటుంది గానీ, నడుస్తున్న డీఎంఏ కింద టేబుల్ మార్చడం ఆషామాషీ కాదు, మీ టీమ్ సైజుకి ఆ జోలికి పోవద్దనే చెబుతాను. నా ఓటు డివైస్ లాగింగ్‌కే. కార్డుకు తాను ఎక్కడ రాసిందో చిన్న గ్రాన్యులారిటీలో తెలుసు, ఐఓఎంఎంయూ ఎంట్రీ ఎంత పెద్దదైనా దానికి పట్టింపు లేదు. మీ కార్డుకి ఆ సపోర్ట్ ఉందా అని ముందు చూడండి, లేకపోతేనే రెండోది.

ఇంకో చోట జాగ్రత్త. డర్టీ బిట్‌ను చదివి చెరిపాక ఐఓటీఎల్‌బీ ఫ్లష్ కావాలి. క్యాష్‌లో ఉన్న ఎంట్రీకి "ఇది ఇప్పటికే డర్టీ" అని తెలుసు, టేబుల్‌లో మీరు చెరిపిన సంగతి తెలియదు. ఫ్లష్ లేకపోతే తర్వాతి రాతకి బిట్ మళ్లీ పడదు, పేజీ చేజారుతుంది. డివైస్ ఏటీఎస్‌తో సొంతంగా అనువాదాలు దాచుకుంటుంటే అదీ ఖాళీ కావాలి. ఐఓఎంఎంయూఎఫ్‌డీ వాడితే ఇది కెర్నెలే చూసుకుంటుంది, మీరు బిట్‌మ్యాప్ అడగడం మాత్రమే. అన్‌మ్యాప్ చేసే ముందు మాత్రం బిట్‌మ్యాప్ తప్పక తీసుకోండి, ఎంట్రీ పోయిందంటే దాని బిట్ కూడా పోయినట్టే. ఎలాగూ తీసేస్తున్న మ్యాపింగే కాబట్టి అప్పుడు చెరపకుండా చదివే ఫ్లాగ్ వాడితే ఫ్లష్ ఖర్చు తప్పుతుంది. గెస్ట్‌కి వీఐఓఎంఎంయూ (వర్చువల్ ఐఓఎంఎంయూ) ఇచ్చినప్పుడు ఈ అన్‌మ్యాప్‌లు క్షణక్షణం జరుగుతాయి. మీరు ఇవ్వలేదని రాశారు, మంచిది, ప్రస్తుతానికి అలాగే ఉంచండి.

చివరి విడతలో వరస మీ కోడ్‌లో ఎలా ఉందో చూడండి. వీసీపీయూలు ఆపడం, తర్వాత డివైస్‌ను స్టాప్ స్థితికి తేవడం, ఆ తర్వాతే చివరి బిట్‌మ్యాప్. వీసీపీయూలు ఆగినా కార్డు ఆగదు, వైరు మీంచి ప్యాకెట్లు వస్తూనే ఉంటాయి, బఫర్లు ఉన్నంతసేపూ రాస్తూనే ఉంటుంది. బిట్‌మ్యాప్ ముందు తీసుకుని కార్డును తర్వాత ఆపే కోడ్ నేను చూశాను. పగలంతా టెస్టుల్లో పాసై, లోడ్ ఉన్న రాత్రి దొరికిపోతుంది.

రౌండ్లు కన్వర్జ్ కాకపోతే (మిగిలే డేటా తగ్గకపోతే) వీసీపీయూలను నెమ్మదింపజేసే ఆటో-కన్వర్జ్‌ను ఆశ్రయిస్తారు కొందరు. అది సీపీయూ రాతలనే తగ్గిస్తుంది. బయటినుంచి వచ్చే ట్రాఫిక్ కార్డు చేత రాయిస్తుంటే వీసీపీయూను ఎంత నొక్కినా లాభం తక్కువ. అలాగే మైగ్రేషన్ బ్యాండ్‌విడ్త్ పరిమితి చూసుకోండి. క్యూఎములో డిఫాల్ట్ సెకనుకు 128 ఎంబీ, అంటే 300 మిల్లీసెకన్లలో వెళ్లేది 38 ఎంబీ చిల్లరే. మీ సొంత వీఎంఎంలోకి ఎవరైనా అదే అంకెను కాపీ చేసుకుని ఉంటే 25 జీబీపీఎస్ లింకు ఉండీ లేనట్టే.

అసలు ఇదంతా మీకు అవసరమా అని కూడా ఒకసారి ఆలోచించండి. మైగ్రేషన్ జరిగే ఆ నిమిషం పాటు వేగం తగ్గినా ఫర్వాలేదనుకుంటే, గెస్ట్‌లో వర్ట్‌ఐఓ కార్డును స్టాండ్‌బైగా, వీఎఫ్‌ను ప్రైమరీగా జత చేసి, మైగ్రేషన్‌కి ముందు వీఎఫ్‌ను ఊడదీసి అవతల మళ్లీ తగిలించవచ్చు. లినక్స్ 4.18 నుంచి నెట్-ఫెయిలోవర్ డ్రైవర్ ఉన్నది దీనికే, క్యూఎము 4.2 నుంచి దానికి తోడ్పాటు ఉంది. డివైస్ స్థితి, డర్టీ బిట్లు, ఏ తలనొప్పీ ఉండదు. గెస్ట్ మీ చేతుల్లో ఉన్న సొంత సర్వీసులకు ఇదే చాలు. కస్టమర్ ఏ ఓఎస్ వేసుకుంటాడో తెలియని క్లౌడ్ అయితే మాత్రం పై దారి తప్పదు.

టెస్టు దగ్గర ఒక మాట. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన గుంటూరు కుర్రాడు డివైస్ ట్రాకింగ్ పరీక్షించడానికి గెస్ట్ నుంచి బయటికి గరిష్ఠ వేగంతో డేటా పంపాడు, డిస్క్ మీద భారీగా రైట్లు నడిపాడు, అన్నీ పాస్. అవుతాయి మరి. గెస్ట్ పంపేటప్పుడు కార్డు మెమరీని చదువుతుంది, కంప్లీషన్లు తప్ప పెద్దగా రాయదు. డిస్క్ రైట్ కూడా అంతే. మనకు కావలసింది గెస్ట్‌లోకి వచ్చే ట్రాఫిక్, డిస్క్ నుంచి రీడ్‌లు. దిశ తిప్పమన్నాక మొదటి పరుగులోనే తేడాలు బయటపడ్డాయి.

ఆ తేడాలు చూడటానికి అప్లికేషన్ లాగుల మీద ఆధారపడొద్దు. సోర్స్‌లో వీఎం, డివైస్ రెండూ ఆగి చివరి విడత వెళ్లాక, డెస్టినేషన్‌లో వీఎంను నడపకముందే రెండు వైపులా ప్రతి 4 కేబీ పేజీకీ హ్యాష్ తీసి పోల్చండి. ఒక్క పేజీ తేడా ఉన్నా ఫెయిల్. తేడా వచ్చిన అడ్రస్‌లు గెస్ట్ డ్రైవర్ రింగ్ బఫర్లవైతే డివైస్ బిట్‌మ్యాప్ అందలేదు, లేదా వరస తప్పింది. ఎక్కడెక్కడో గుట్టలుగా ఉండి, 2 జీబీ వీఎంలో ఏమీ రాక పెద్ద వీఎంలోనే వస్తుంటే బిట్‌మ్యాప్‌లను కలిపేచోట చూడండి. డివైస్ ఇచ్చే బిట్‌మ్యాప్ గెస్ట్ ఫిజికల్ అడ్రస్ ప్రకారం ఉంటుంది, మీరు పంపేది ర్యామ్ బ్లాకులో ఆఫ్‌సెట్ ప్రకారం. మధ్యలో 4 జీబీ కింద పీసీఐ కోసం వదిలిన ఖాళీ ఉంది. మీ మెషీన్ లేఅవుట్ క్యూఎము క్యూ35 (ఒక వర్చువల్ మెషీన్ నమూనా) లాంటిదైతే పెద్ద వీఎంలలో కింద 2 జీబీ ర్యామ్ ఉండి, మిగతాది 4 జీబీ దగ్గర మొదలవుతుంది. ఆ ఖాళీని తీసేయకుండా బిట్‌మ్యాప్‌లను ఆర్ (OR) చేసి కలిపితే 2 జీబీ పైనున్న ప్రతి బిట్టూ సరిగ్గా 2 జీబీ పక్కకు పడుతుంది. అసలు రాసిన పేజీ వెళ్లదు, సంబంధం లేని పేజీ రెండుసార్లు వెళ్తుంది. మీరు పోస్ట్ చేసిన కోడ్ ముక్కలో ఆ తీసివేత నాకైతే కనబడలేదు, ముందు అక్కణ్ణుంచే మొదలుపెట్టండి.